కట్ట విడిన ఉత్తరాలు

వేలంపాట అనగానే మన ప్రాంతంలో ముందుగా స్ఫురించేవి ఊరి చెరువులో చేపలు, దేవుడి మాన్యాల కౌలు, నిమజ్జనం నాటి బాలాపూర్ లడ్డూ. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ముమ్మారు పలికి పాట కొట్టివేయడం మనం చూస్తున్నదే. అయితే ఎన్నడో గతించినవారి జాబులనూ, యుద్ధభూమి నుంచి వచ్చిన కార్డు ముక్కలనూ, సంతకం తప్ప మరే విశేషమూ లేని చీటీలనూ అదే పద్ధతిన పాటకు పెట్టి, వాటిలో కొన్నిటిని కోట్ల రూపాయలకు కొట్టివేసే వ్యాపారం ఒకటి ఉంది. లండన్, పారిస్, న్యూయార్క్ నగరాల్లో పందొమ్మిదో శతాబ్దం నుంచీ అది సాగుతూనే ఉంది. గాంధీ పేరు పత్రికల్లో వచ్చినప్పుడు తప్ప మనం దాని వంక చూడము.

కొన్నేళ్లుగా ఈ వేలాల జాబితాలు చదవడం నాకొక వ్యసనమైపోయింది. కొనగల స్తోమత ఉండి కాదు. ఒక్కొక్క జాబితా ఒక చిన్న చరిత్ర గ్రంథంలా ఉంటుంది. ఫలానా జాబు ఎవరు, ఎవరికి, ఏ ఊరి నుంచి, ఏ తేదీన రాశారో, ఎన్ని పుటలున్నాయో, ఏ మడత దగ్గర చిరిగిందో, ఎవరెవరి చేతులు మారి ఇక్కడికి చేరిందో అన్నీ అందులో ఉంటాయి. ఈ చదువు వల్ల నాలో స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. వేలంలో ధర పలికేది ఒంటరి కాగితం. చరిత్ర చెప్పేది కాగితాల కట్ట. ఈ రెంటి నడుమ పొత్తు కుదరక ఎంత పోగొట్టుకున్నామో, కుదిరిన చోట ఏం మిగిలిందో చెప్పాలని ఈ ప్రయత్నం.

*

ముందుగా ఆ వ్యాపారపు పరిభాష కొంత. ఆటోగ్రాఫ్ అంటే మనకు సంతకం. సినిమా తార దగ్గరికో, క్రికెట్ ఆటగాడి దగ్గరికో చిన్న పుస్తకం పట్టుకొని పరుగెత్తడం మనమెరిగిన ఆటోగ్రాఫ్. సేకర్తల భాషలో ఆ మాటకు స్వదస్తూరి అని అర్థం. జాబితాల్లో కనిపించే పొడి అక్షరాలన్నీ దీని చుట్టూ తిరుగుతాయి. ఏ.ఎల్.ఎస్. అంటే ఆద్యంతం తన చేతితోనే రాసి సంతకం చేసిన జాబు. ఎల్.ఎస్. అంటే గుమాస్తా రాయగా తాను చేవ్రాలు మాత్రం చేసినది. టి.ఎల్.ఎస్. అంటే టైపు చేయించి సంతకం పెట్టినది. డి.ఎస్. అంటే సంతకం ఉన్న దస్తావేజు: నియామకపత్రమో, రసీదో, సైన్యానికి జారీ చేసిన హుకుమో. ఒకే మనిషి చేవ్రాలు ఈ నాలుగు రూపాల్లో నాలుగు ధరలు పలుకుతుంది.

ధరను నిర్ణయించేవి ప్రధానంగా నాలుగు సంగతులు: రాసిందెవరు, రాసిందేమిటి, అటువంటివి ఎన్ని మిగిలాయి, కాగితం ఏ స్థితిలో ఉంది. వీటిలో మూడవదానికి ఉన్న బలం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద 1776లో సంతకాలు చేసినవారు 56 మంది. ఆ 56 మంది దస్తూరీలనూ పోగుచేయడం అక్కడి సేకర్తలకు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఒక వ్రతం. వారిలో జార్జియా ప్రతినిధి బటన్ గ్విన్నెట్ 1777 మే నెలలో ఒక ద్వంద్వయుద్ధంలో గాయపడి మరణించాడు. చరిత్రలో అతని పాత్ర పరిమితమే. కానీ ఏడాది తిరగకుండానే పోవడం వల్ల అతని సంతకాలు యాభై పైచిలుకు మాత్రమే లోకానికి తెలుసు. 2010లో న్యూయార్క్‌లో వాటిలో ఒకటి 7,22,500 డాలర్లకు అమ్ముడుపోయింది. వేలకొద్దీ ఉత్తరాలు రాసి మిగిల్చిన జార్జి వాషింగ్టన్ సాధారణ జాబులు అందులో చిన్న భాగానికే దొరుకుతాయి. దేశాన్ని నడిపినవాడి కంటే తొందరగా కన్నుమూసినవాడి చేవ్రాలు ఖరీదైనది. సంతకాల సంతలో మొదటి పాఠం ఇదే: కొరతకు ధర ఉంటుంది, కొరతకూ చరిత్రలోని ప్రాముఖ్యానికీ చుట్టరికం లేదు.

రెండవ పాఠానికి ఐన్‌స్టీన్ జాబును మించిన ఉదాహరణ నాకు తోచదు. యురేనియంతో మహాశక్తిమంతమైన బాంబులు తయారుకావచ్చునని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను హెచ్చరిస్తూ 1939 ఆగస్టు 2వ తేదీతో వెళ్లిన ఉత్తరం సంగతి అందరూ విన్నదే. దాన్ని సిద్ధం చేయడంలో ప్రధాన పాత్ర హంగెరీ దేశపు భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్‌ది. సిలార్డ్ ఒకటి పొట్టిదీ, ఒకటి పొడుగుదీ రెండు జాబులు టైపు చేయించాడు. ఐన్‌స్టీన్ రెంటి మీదా సంతకం చేశాడు. పొడుగుది అలెగ్జాండర్ శాక్స్ అనే ఆర్థికవేత్త చేతుల మీదుగా 1939 అక్టోబరు 11న రూజ్‌వెల్ట్‌కు అందింది. ఆనాడు కదిలిన ప్రభుత్వ యంత్రాంగమే కాలక్రమాన మన్‌హాటన్ పథకంగా పరిణమించింది. పొట్టిది సిలార్డ్ దగ్గరే ఉండిపోయింది.

ఆ పొట్టి జాబు 1986లో క్రిస్టీస్ వేలంలో 2,20,000 డాలర్లకు పత్రికాధిపతి మాల్కం ఫోర్బ్స్ చేతికి వెళ్లింది. 2002లో మళ్లీ వేలానికి వచ్చి 21 లక్షల డాలర్లు పలికింది. అప్పుడు కొన్నవాడు మైక్రోసాఫ్ట్ సహస్థాపకుడు పాల్ అలెన్. అతని మరణానంతరం 2024 సెప్టెంబరులో మరోసారి వచ్చి 39 లక్షల డాలర్లకు పోయింది. ఇక రూజ్‌వెల్ట్‌కు అందిన ఆ అసలు జాబు న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో, రూజ్‌వెల్ట్ గ్రంథాలయంలో, ఆయన తక్కిన కాగితాల నడుమ భద్రంగా ఉంది. ఏనాడూ వేలానికి రాలేదు గనుక దాని ధర ఎవరూ చెప్పలేరు. లోకగతిని మార్చిన కాగితానికి ధర లేదు. పంపకుండా పక్కన పెట్టిన కాగితానికి 39 లక్షల డాలర్లు. అయితే చరిత్రకారుడు వెళ్లి కూర్చునేది హైడ్ పార్క్‌లోనే. ఆ జాబుకు అధ్యక్షుడు ఇచ్చిన సమాధానం, ఆ తరువాత నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు దాని చెంతనే ఉన్నాయి.

ఐన్‌స్టీన్ కథ ఇంకొకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1905లో ప్రచురితమైన సాపేక్షతా వ్యాసపు రాతప్రతిని ఆయన దాచుకోలేదు. అచ్చయ్యాక అది పోయింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, యుద్ధ బాండ్ల అమ్మకానికి ఏదైనా రాతప్రతి ఇమ్మని అడిగితే, 1943లో కార్యదర్శి హెలెన్ డూకాస్ అచ్చు ప్రతి చూసి చదువుతూ ఉండగా ఆ పెద్దమనిషి కూర్చొని తన వ్యాసాన్ని తానే మళ్లీ చేత్తో నకలు రాశాడు. 1944 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీలో దానిమీద పాట పెట్టారు. ఒక బీమా సంస్థ 65 లక్షల డాలర్ల యుద్ధ బాండ్లు కొని పాట గెలిచింది. ఆ కాగితాలు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయానికి చేరాయి. స్వదస్తూరి నిజమే, కానీ అది 1905 నాటి ఆలోచన పుట్టిన కాగితం కాదు. కొట్టివేతలూ దిద్దుబాట్లూ వెతికితే దొరకవు. ఆ వేలం ఒక మంచి పనికి డబ్బు తెచ్చింది. పోయిన చిత్తుప్రతిని మాత్రం తేలేకపోయింది.

*

కాగితానికి ఇంత ధర ఉన్నప్పుడు దొంగ కాగితాలు పుట్టకుండా ఎలా ఉంటాయి? ఈ వ్యాపారంలో దొంగ రాతల చరిత్ర అసలు చరిత్రంత పొడుగు. వాటిలో మూడింటిని తలచుకుంటే చాలు.

పారిస్ నగరంలో మిషెల్ షాల్ అనే ప్రసిద్ధ గణిత శాస్త్రజ్ఞుడు ఉండేవాడు, ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సభ్యుడు. 1860 దశకంలో వ్రాన్ లూకా అనే గుమాస్తా ఆయనకు 27,000 పైచిలుకు జాబులు అమ్మాడు. పాత పుస్తకాల్లోని ఖాళీ పుటలు చించి, వాటి మీద తానే కూర్చొని రాసినవి అవన్నీ. పాస్కల్ న్యూటన్‌కు ముందే గురుత్వాకర్షణను కనిపెట్టాడని చాటే ఉత్తరాలూ వాటిలో ఉన్నాయి. 1867లో షాల్ వాటిని అకాడమీ ముందుంచితే ఫ్రాన్స్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య పెద్ద వివాదమే నడిచింది. క్లియోపాత్రా, మేరీ మగ్దలీన్ రాసిన జాబులు కూడా ఆ రాశిలో ఉన్నాయి, అవన్నీ ఫ్రెంచి భాషలో! 1870లో న్యాయస్థానం లూకాకు రెండేళ్ల శిక్ష వేసింది. అంతటి మేధావి ఎలా నమ్మాడని మనం నవ్వుకోవచ్చు. దేశాభిమానం కళ్లకు గంతలు కట్టడం షాల్‌తో మొదలూ కాలేదు, ఆఖరూ కాలేదు.

రెండవది 1983 నాటి హిట్లర్ దినచర్యల భాగోతం. పశ్చిమ జర్మనీ పత్రిక ష్టెర్న్ 60కి పైగా సంపుటాలకు 93 లక్షల మార్కులు చెల్లించింది. రాసినవాడు కొన్రాడ్ కుయావ్ అనే మోసగాడు. దస్తూరి నిపుణులు వాటిని అసలువేనని తేల్చడానికి కారణం వింటే మతి పోతుంది: పోల్చి చూడడానికి వారికిచ్చిన 'అసలు' నమూనాల్లో కొన్ని కూడా కుయావ్ రాసినవే. చివరకు జర్మనీ జాతీయ అభిలేఖాగారం పరీక్ష చేయించగా, కాగితంలోనూ అట్టల కట్టుబడిలోనూ యుద్ధానంతరం గానీ వాడుకలోకి రాని రసాయనాలు, నూలు బయటపడ్డాయి. కొన్ని సంపుటాల అట్ట మీద ఏ.హెచ్. అని ఉండవలసిన చోట పాత జర్మను లిపి సరిగా పోల్చుకోక ఎఫ్.హెచ్. అని అతికించాడు కూడాను! ఆ సంపుటాలను 2023లో ఆ అభిలేఖాగారానికే అప్పగించారు. దొంగపత్రం కూడా చివరకు చరిత్రపత్రమే అయింది, హిట్లర్ కాలానికి కాకపోయినా 1983వ సంవత్సరానికి.

మూడవది నవ్వు తెప్పించేది కాదు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో మార్క్ హాఫ్‌మన్ అనేవాడు మోర్మన్ మతచరిత్రకు సంబంధించిన దొంగపత్రాలు సృష్టించి సేకర్తలకూ, ఆ మతసంస్థకూ అమ్మాడు. అప్పులు పెరిగి, గుట్టు బయటపడే స్థితి వచ్చేసరికి 1985 అక్టోబరులో బాంబులు పెట్టి ఇద్దరిని చంపాడు. సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు అతని సిరా ఉపరితలం మొసలి చర్మంలా బీటలు వారి కనిపించింది; సహజంగా వయసు మీరిన సిరా అలా బీటలు వారదు. అతనికి 1987లో యావజ్జీవ శిక్ష పడింది. అంతటితో ఆగలేదు. అతను అల్లిన ఎమిలీ డికిన్సన్ కవిత ఒకటి 1997లో వేలానికి వచ్చింది. ఆమె సొంత ఊరి గ్రంథాలయం చందాలు పోగుచేసి 21,000 డాలర్లకు కొనుక్కొని, నిజం తెలిసి తిప్పి పంపింది.

ఈ మూడు కథల్లోనూ ఉన్న ఉమ్మడి సంగతి ఒక్కటే. ఆ కాగితాలన్నీ కట్ట లేని కాగితాలు. వాటికి ముందు జాబు లేదు, జవాబు లేదు, కవరు లేదు, ఫలానా ఇంట్లో ఫలానా పెట్టెలో ఇన్నేళ్లు ఉందని చెప్పగలిగే దారి లేదు. అటువంటి దారి ఉన్నదని చెప్పినా, అదీ అమ్మేవాడి మాటే. ఒక్క జాబును కల్పించడం ఏ నేర్పరి చేతికైనా సాధ్యమే. ఒక జాబును, దానికి వచ్చిన జవాబును, అది చేరిన ఊరి తపాలా ముద్రను, అది అందినట్టు మూడో మనిషి తన దినచర్యలో రాసుకున్న పంక్తిని, వేరువేరు ఇళ్లలో వేరువేరు సిరాలతో కల్పించడం దాదాపు అసాధ్యం. అందుచేత కట్ట విప్పి అమ్మే ప్రతి వేలమూ తెలియకుండానే రాబోయే మోసగాడికి చోటు చేసిపెడుతున్నది.

*

కట్ట విప్పడం ఎలా జరుగుతుందో నేనెరిగిన ఒక చిన్న ఉదంతం చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైనికులకు ఒక రకం అచ్చు కార్డు ఇచ్చేవారు. నేను బాగానే ఉన్నాను, ఆసుపత్రిలో చేరాను, నీ ఉత్తరం అందింది, చాలాకాలంగా నీ దగ్గర నుంచి కబురు లేదు, ఇలా కొన్ని వాక్యాలు దాని మీద ముందే అచ్చయి ఉంటాయి. అక్కరలేనివి కొట్టివేసి, తేదీ, సంతకం పెట్టాలి. ఒక్క మాట అదనంగా రాసినా కార్డును చించివేస్తామని పైనే హెచ్చరిక ఉంటుంది. లక్షలాదిగా వెళ్లినవి గనుక ఇవి చవక; నాబోటివాడికి అందుబాటులో ఉండే యుద్ధపత్రాలు ఇవే. ఒక వేలంలో ఒకే సైనికుడు ఒకే చిరునామాకు పంపిన కార్డులు చాలా వచ్చాయి. అన్నీ కలిపి ఒక లాటుగా పెట్టివుంటే అతని యుద్ధమంతా ఆ కొట్టివేతల్లోనే చదవగలిగేవాళ్లం: ఏ నెలలో 'బాగానే ఉన్నాను' మిగిలింది, ఏ నెలలో 'ఆసుపత్రిలో చేరాను' మిగిలింది, ఇంటి నుంచి కబురు రాని కాలమెంత. విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని ఆ సంస్థ ఒక్కో కార్డును ఒక్కో లాటు చేసింది. నాకు ఒకటి దక్కింది. అందులో ఆ మనిషి బాగానే ఉన్నాడు. తరువాతి కార్డులో ఏమయ్యాడో చెప్పే ముక్క ఏ దేశంలో ఎవరి ఆల్బంలో ఉందో!

ఇది చిన్న ఎత్తు. ఇదే పనిని పెద్ద ఎత్తున చేసింది పారిస్‌లోని అరిస్తోఫిల్ అనే సంస్థ. 1990లో మొదలై, చారిత్రక రాతప్రతుల్లో వాటాలు అమ్మడం దాని పద్ధతి. ఒక జాబు, లేదా కొన్ని జాబుల సముదాయం కొని, భాగాలు చేసి, మంచి ఆదాయం వస్తుందని చెప్పి మదుపుదారులకు అమ్మేవారు. సుమారు 18,000 మంది డబ్బు పెట్టారు. లక్షకు పైగా పత్రాలు పోగయ్యాయి. ఐన్‌స్టీన్, బెస్సో కలిసి లెక్కలు కట్టిన కాగితాలు, 1940 నాటి దగోల్ రాతలు, మార్కీ ద సాద్ బాస్టిల్ చెరసాలలో రాసిన కాగితపు చుట్ట, అన్నీ అక్కడికే చేరాయి. 2014లో పోలీసు దర్యాప్తు మొదలైంది, 2015లో సంస్థ మూతపడింది. 2017 చివర నుంచి ఏళ్ల తరబడి ఆ రాశిని వేలం వేశారు. దశాబ్దాల తరబడి దాచుకున్న సొమ్ము పెట్టినవారిలో చాలామందికి పెట్టినదాంట్లో కొంత భాగమే తిరిగివచ్చింది. సాద్ చుట్టను మాత్రం ఫ్రెంచి ప్రభుత్వం జాతీయ నిధిగా ప్రకటించి, 2021లో 45.5 లక్షల యూరోలకు తన పరం చేసుకుంది.

ఇంత చెప్పి సేకర్తలందరినీ దోషులని తేల్చడం నా ఉద్దేశం కాదు. ఆస్ట్రియా రచయిత స్టెఫాన్ త్స్‌వైక్‌ను చూడండి. పెద్దవాళ్ల సంతకాల కంటే వారి చిత్తుప్రతుల మీదే ఆయనకు మోజు. రచన పుట్టే క్షణం ఆ కొట్టివేతల్లో కనబడుతుందని ఆయన నమ్మకం. నాజీల ధాటికి దేశం విడిచినప్పుడు సేకరణలో చాలా భాగం వదులుకోవలసి వచ్చింది. మిగిలినదాన్ని, మొజార్ట్ తన కృతుల పట్టికను స్వయంగా రాసుకున్న పుస్తకంతో సహా, వారసులు 1986లో బ్రిటిష్ లైబ్రరీకి ఇచ్చారు. అది ఈనాటికీ ఆయన పేరుతో ఒకే చోట ఉంది. సేకర్త తాను పోగు చేసినదాన్ని చివరకు ఎక్కడ దింపాడన్నదే ప్రశ్న.

*

ఇక మన సంగతి. గాంధీ ఈ వేలాల్లో తరచు కనబడే భారతీయుడు. విచిత్రమేమిటంటే తన సంతకాన్ని తానే అమ్మినవాడు ఆయన. హరిజన నిధికి ఐదు రూపాయలిస్తే గానీ ఆటోగ్రాఫ్ ఇచ్చేవారు కాదు. 1933-34 హరిజన యాత్రలో, మన ఆంధ్ర జిల్లాల్లో తిరిగినప్పుడు సహా, తనకిచ్చిన కానుకలనూ, సన్మానపత్రాలు పెట్టిన వెండి పెట్టెలనూ సభలోనే నిలబడి వేలం వేసేవారు. అయితే ఆ ఐదు రూపాయల సంతకం ఏ కట్ట నుంచీ ఊడదీసినది కాదు. ఎదుట నిలబడ్డ మనిషి కోసం అప్పటికప్పుడు పుట్టినది. దాని చరిత్ర దానితోనే మొదలు.

తరువాతి వేలాలు అటువంటివి కావు. 2007 జూలైలో లండన్‌లో ఆల్బిన్ ష్రామ్ అనే సేకర్త పోగుచేసిన జాబులు వేలానికి వచ్చాయి. ఆయన మరణించాక బట్టలుతికే గదిలోని ఒక బీరువాలో బయటపడిన నిధి అది. హత్యకు 19 రోజుల ముందు, 1948 జనవరి 11న, హరిజన్ పత్రిక కోసం గాంధీ రాసిన వ్యాసపు రాతప్రతి ఆ జాబితాలో ఉంది. మన దేశంలో నిరసన రేగింది, ఆ ఒక్కదాన్ని వేలం నుంచి తప్పించి భారత ప్రభుత్వం కొనుగోలు చేసింది. 2009 మార్చిలో న్యూయార్క్‌లో ఆయన కళ్లజోడు, చెప్పులు, జేబు గడియారం, కంచం, గిన్నె 18 లక్షల డాలర్లకు విజయ్ మాల్యా పాడుకున్నారు. 2012లో జరిగింది మాత్రం వేరు. దక్షిణాఫ్రికాలో గాంధీకి ఆప్తమిత్రుడు, 1910లో టాల్‌స్టాయ్ క్షేత్రానికి స్థలమిచ్చిన వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్ కుటుంబం వద్ద ఉన్న ఉత్తరాలూ కాగితాలూ సోదబీస్ వేలానికి వస్తే, పాట మొదలు కాకముందే ప్రభుత్వం ఆ మొత్తం సముదాయాన్ని సుమారు 7 లక్షల పౌండ్లకు కొని ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారానికి చేర్చింది. 2013 జనవరి 30న అక్కడ వాటి ప్రదర్శన జరిగింది. నా దృష్టిలో ఈ మూడింటిలో మేలైన కొనుగోలు ఇదే. కళ్లజోడు చూసి మనం నమస్కరిస్తాం; ఆ కట్ట చదివితే ఒక మనిషి మహాత్ముడు కావడానికి ముందటి ఏళ్లు తెలుస్తాయి.

చట్టం లేకపోలేదు. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య, శాస్త్రీయ విలువ ఉండి 75 ఏళ్లు నిండిన రాతప్రతి, దస్తావేజు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. కానీ ఆ చట్టం పుట్టేనాటికే దేశం దాటినవాటిని అది వెనక్కు పిలవలేదు. ఇంట్లోనే చెదలు తింటున్నవాటిని కాపాడనూ లేదు.

*

కట్టగా మిగిలితే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను పత్రాలు లక్షన్నర దాకా ఉన్నాయి. అవి యుద్ధకాలపు కాగితాలే. సైనికుడి పేరు, తండ్రి పేరు, ముఖవర్ణన, పుట్టుమచ్చ, గాయపు మచ్చ. అతని గుర్రం రంగు, దాని మీద వేసిన ముద్ర. ఇటువంటి హాజరు పత్రాలు వాటిలో ఎన్నో. జీతం ఒకరికి కట్టి మరొకరిని చూపించే మోసం జరగకుండా రాసిపెట్టుకున్న లెక్కలవి. ఒక్క పత్రాన్ని లండన్ వేలానికి పెడితే ఎవరూ పెద్దగా పాడరు. అన్నీ ఒక చోట ఉండబట్టి ఒక సైన్యం ఎలా నడిచిందో, ఎలా అరిగిపోయిందో మనకు ముఖాలతో సహా కనిపిస్తుంది.

మన భాషకు మహోపకారం చేసిన బ్రౌను దొర కూడా ఈ కోణంలో ఒక సేకర్తే. సొంత డబ్బుతో పండితులను పెట్టి, అప్పులు చేసి, తాళపత్రాలు కొనీ, నకళ్లు రాయించీ పోగుచేశాడు. వాటిని తన అల్మారాలో బంధించక, ఒక సంస్థకు ఇచ్చాడు. అవి చివరకు మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి. ఆయనకు వచ్చిన జాబులు కూడా ఒక్క చోటే మిగలబట్టి, 1970 దశకంలో బంగోరె వాటిలో తలదూర్చి కడప సీమ స్థానిక చరిత్ర శకలాలను వెలికి తీయగలిగాడు. అవే జాబులు బ్రౌను సంతకం కోసమో, పాత తపాలా ముద్రల కోసమో పది దేశాలకు పోయివుంటే, బంగోరె అంతటివాడు కూడా ఏమీ చేయగలిగేవాడు కాదు.

అసలే మిగలనివాటి మాట చెప్పి తీరాలి. 1914లో ఫ్రాన్స్‌లో దిగిన భారతీయ సైనికులు ఇళ్లకు ఉత్తరాలు రాశారు, రాయడం రానివారు రాయించుకున్నారు. బులోన్ పట్టణంలో బ్రిటిషు తనిఖీ కార్యాలయం ఒకటి వాటిని తెరిచి చదివి, కొన్ని భాగాలు ఇంగ్లీషులోకి అనువదించి నివేదికలు పంపేది. తనిఖీ సంగతి తెలిసి సైనికులు సంకేతాలు వాడేవారు: భారతీయులు నల్ల మిరియాలు, తెల్లవారు ఎర్ర మిరపకాయలు. ఆ నివేదికలు లండన్‌లో ఉన్నాయి. సొంత లిపిలో, సొంత మాటలో రాసిన ఆ అసలు ఉత్తరాల్లో దాదాపు అన్నీ పోయాయి. గూఢచర్యం కోసం చేసిన అనువాదమే వారి ఏకైక గొంతు. ఏ కుబేరుడూ ఎంత పాట పాడినా ఆ ఉత్తరాలు ఇక రావు.

మన తెలుగు ఇళ్లలో ఉత్తరాలను వంపు తిరిగిన ఇనుప తీగకు గుచ్చి గోడకు వేలాడదీసేవారు. కార్డయినా, ఇన్‌లాండు కవరయినా, చదివాక తీగకు గుచ్చవలసిందే. ఒక్కటి మాత్రం గుచ్చేవారు కాదు. చావు కబురు తెచ్చిన కార్డు ఇంట ఉండరాదని చదవగానే చించివేసేవారు. అందువల్ల మన కుటుంబ చరిత్రల్లో పెళ్లిళ్లు, పురుళ్లు, పంటలు, అప్పులు మిగిలి, మరణాలు మాత్రం ఖాళీలుగా కనిపిస్తాయి. ఆ ఖాళీ ఎందుకు ఏర్పడిందో తెలిసేది తీగ మొత్తం చేతికి వచ్చినప్పుడే.

ఆ తీగ ఇంకా ఎవరింట్లోనైనా అటక మీదో, పాత ట్రంకుపెట్టెలోనో ఉంటే నా మనవి ఒక్కటే. తాతగారి పేరున్న ఒక్క ఉత్తరం, ప్రముఖుడి సంతకమున్న ఒక్క కార్డు ఏరి, తక్కినవి పాతకాగితాలవాడికి వేయకండి. కవరు మీది తపాలా ముద్ర కత్తిరించకండి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పగల పెద్దలు ఉండగానే ఒక కాగితం మీద రాయించి ఆ కట్టలోనే పెట్టండి. ఇవ్వదలచుకుంటే, ఆఖరికి అమ్మదలచుకున్నా, మొత్తంగానే ఇవ్వండి. ఆ తీగ కట్టినవారికి అభిలేఖాగారమన్న మాట తెలియదు. కానీ మొదట వచ్చినది అడుగున, చివర వచ్చినది పైన, ఒక్కటీ వరస తప్పకుండా ఉంచారు. మధ్యలోది లాగాలంటే పైవన్నీ తీయవలసిందే.